మా ఏపీ 31 బండిని తుక్కుకిచ్చేశాం

మొన్న శుక్రవారం పొద్దున్న ఏడున్నరకి విశాఖ కంచరపాలెంలో మా సందు మొగదలకి రికవరీ లారీ వచ్చింది. లోపలికి రావడానికి మలుపు చాల్లేదు. మా మారుతి 800ని నేనూ, పక్కింటి ఆటో అన్నయ్యా కలిసి మెయిన్ రోడ్డు దాకా తోసుకెళ్లాం. నాన్న గేటు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నారు. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాక, వచ్చిన డబ్బుల్లోంచి 2006లో కొన్న బండి అది.

2021లో పదిహేనేళ్లు నిండినప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 600 రూపాయలే ఫీజు. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి దాన్ని 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 అన్నారు. ఇప్పుడు మాది ఆ లెక్కలోకి వచ్చింది. ఫీజు ఒక్కటే అయితే కట్టేసేవాళ్లమేమో. ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలంటే సైలెన్సర్, రెండు టైర్లు, అడుగున తుప్పు తినేసిన రేకు అన్నీ మార్చాలి. సముద్రపు గాలికి మన ఊళ్లో ఏ బండైనా అడుగునుంచే పోతుంది. మెకానిక్ వేసిన లెక్క 40 వేలు దాటింది.

అయినా నా మనసు మారింది డబ్బు వల్ల కాదు. మా బాబుకి తొమ్మిదేళ్లు. చలికాలం వచ్చిందంటే రాత్రుళ్లు వాడికి పిల్లికూతలు. పొద్దున్న నేను బండి స్టార్ట్ చేస్తే పొగ సందులోనే నిలిచిపోయేది, వాడు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక సీట్లో ఎక్కేవాడు. రెండు పక్కలా కొండలున్న ఊరు మనది, చల్లటి పొద్దుల్లో పొగ తొందరగా పోదు. 2019లో కేంద్రం నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం మొదలుపెట్టినప్పుడే, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్లలో విశాఖ ఉంది. మా డాబా మీద పడే నల్లటి పొడిలో రేవు బొగ్గెంతో, లారీల పొగెంతో విడదీసి చెప్పలేను. కానీ వాకిట్లో వదిలే పొగ మాత్రం మాదే కదా. పైగా అది బీఎస్-2 అనే పాత పొగ ప్రమాణాల కాలం నాటి బండి. 2020 ఏప్రిల్ నుంచి కొత్తగా వస్తున్నవన్నీ బీఎస్-6.

మెకానిక్ 35 వేలిస్తానన్నాడు, మన్యం ఏజెన్సీ వైపు కొనేవాళ్లున్నారట. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్ వాళ్లు చెప్పింది 21 వేలు. పద్నాలుగు వేల తేడా! రెండు రాత్రులు ఆలోచించాను. అలా అమ్మేస్తే మా సందులో పొగ ఇంకెవరి వాకిట్లోకో చేరుతుంది. అది ఎవరి చేతిలో తిరుగుతున్నా, పేరు మార్చుకోకపోతే ఆర్సీలో ఉండేది నాన్న పేరే. మామూలు తుక్కు కొట్టులో కిలోల లెక్కన ఇచ్చేసినా అదే ప్రమాదం. సెంటర్లో అయితే అప్పు లేదని, దొంగబండి కాదని చూసుకుని తీసుకుంటారు. ఆయిలు, బ్యాటరీ ముందుగా తీసేస్తారు. ఛాసిస్ నంబరున్న ముక్కని కోసి విడిగా దాచిపెడతారు.

ఈ మాట చెబితే నాన్న, "ఏటమ్మా, నంబరు కూడా కోసేస్తారా?" అన్నారు. తర్వాత లేచి వెళ్లి, డాష్‌బోర్డు మీద అతికించిన సింహాద్రి అప్పన్న పటాన్ని బ్లేడుతో నెమ్మదిగా ఊడదీసుకున్నారు.

బండికి బదులుగా సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. 2021 ఆగస్టు 13న ప్రధాని ప్రకటించిన తుక్కు విధానంలో అసలు కీలకం ఈ కాగితమే. ఇది చూపించి కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. సొంత బండికి రోడ్డు పన్నులో 25 శాతం దాకా, కిరాయి బండికి 15 శాతం దాకా రాష్ట్రాలు తగ్గించవచ్చు. బండ్ల కంపెనీలు ధరలో 5 శాతం తగ్గించాలని కేంద్రం సలహా ఇచ్చింది. చివరికి 2024 ఆగస్టులో చాలా కార్ల కంపెనీలు ఒప్పుకున్నది ఒకటిన్నర శాతం లేదా 20 వేలు, ఏది తక్కువైతే అది. నేనొక షోరూముకి వెళ్లి అడిగితే ఆ కాగితం పేరే వినలేదన్నారు, ఎక్స్‌ఛేంజికి తెండి మేడమ్ అన్నారు.

2009లో జర్మనీ ప్రభుత్వం తొమ్మిదేళ్లు దాటిన కారుని తుక్కుకిచ్చి కొత్తది కొన్నవాళ్లకి 2,500 యూరోలు ఖజానాలోంచే ఇచ్చింది. మన దగ్గర రాయితీ అంతా పన్నులోనూ, ధరలోనూ కోతే. ముందు కొత్త బండి కొనగలిగే స్తోమత ఉండాలి.

నాకు బాధ కలిగించేది ఇదే. మా కారు వారానికి యాభై కిలోమీటర్లు తిరిగితే గొప్ప. పక్కింటి అన్నయ్య పాత డీజిల్ ఆటో కాన్వెంట్ జంక్షన్ నుంచి గాజువాక వైపు రోజుకి వంద పైనే తిరుగుతుంది. పన్నెండు గంటలు ఆయన కూర్చునేది ఆ పొగలోనే. ఆయనకి పన్నులో 15 శాతం తగ్గిస్తే మిగిలేదెంత? కావాల్సింది కొత్త ఎలక్ట్రిక్ ఆటోకి డౌన్ పేమెంట్, తక్కువ వడ్డీకి అప్పు. రేవు రోడ్డులో పాత లారీ నడుపుకునే చిన్న ఓనర్లదీ ఇదే పరిస్థితి. ఊరి గాలి బాగుపడాలంటే రాయితీ మొదట చేరాల్సింది వీళ్లకి. మాలాంటి వాళ్ల వంతు తర్వాత వచ్చినా ఫరవాలేదు.

మేం మళ్లీ కారు కొనడం లేదు. బాబుని బడికి ఎలక్ట్రిక్ స్కూటర్ మీద దింపుతున్నాను. నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే అన్నయ్య ఆటోనే. సర్టిఫికెట్ ఇంకొకరికి అమ్ముకోవచ్చని తెలిశాక, పెందుర్తిలో కారు కొనే ఆలోచనలో ఉన్న మా బావగారికి ఫోన్ చేశాను. ఆయన పేరుకి మార్పించాలి. ఆర్సీ రద్దయినట్టు, బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ పోర్టల్లో చూపిస్తోందా లేదా అని నాన్న రోజూ అడుగుతున్నారు. ఈ పూటకైతే ఇంకా రాలేదు.