తెగని తాళం

అక్టోబరు 14, మంగళవారం.

ఎనిమిదిన్నరకు జరగవలసిన సమావేశం తొమ్మిదిన్నరకు మారిందన్న కబురు, రైలు నేపర్‌విల్ దాటిన తరువాత అందింది. షికాగో యూనియన్ స్టేషన్‌లో దిగేసరికి గంటకు పైగా ఖాళీ దొరికింది. రోజూ తూర్పు వైపు బయటపడి, నది మీది వంతెన దాటి ఆఫీసుకు నడిచేవాడిని ఇవాళ పడమటి వైపు తిరిగాను. ఆడమ్స్ వీధి వెంబడి రెండు వీధులు దాటి జెఫర్సన్ వీధి మలుపు దగ్గర ఆగాను. 206వ నంబరు భవనం అక్కడే ఉంది. మూడంతస్తుల పాత కట్టడం అది. చేతిలో కాఫీ కప్పులతో ఆఫీసులకు పోయేవారెవరూ తలెత్తి దానివైపు చూడలేదు. నేను మాత్రం ఎదుటి కాలిబాట మీద పావుగంట సేపు నిలబడిపోయాను.

1977 నుంచి కొన్నేళ్ల పాటు ఆ భవనంలో వేర్‌హౌస్ అనే క్లబ్బు నడిచింది. దాని యజమాని రాబర్ట్ విలియమ్స్ మొదట న్యూయార్కులో పేరు పొందిన డీజే లారీ లెవాన్‌ను పిలిచాడు. లెవాన్ రానన్నాక, ఆయన స్నేహితుడు ఫ్రాంకీ నకిల్స్ వచ్చాడు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. శనివారం రాత్రి మొదలైన నాట్యం ఆదివారం మధ్యాహ్నం దాకా సాగేది. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. పళ్ల రసం, మంచినీళ్లు ఉండేవి. వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు, వారిలోనూ స్వలింగ ప్రేమికులు. బయట ఎక్కడికి వెళ్లినా గుమ్మంలోనే ఆగిపోవలసి వచ్చినవారు ఇక్కడ తెల్లవార్లూ నిశ్చింతగా ఆడేవారు. ఆ క్లబ్బులో మోగే పాటల కోసం రికార్డుల దుకాణాలకు వచ్చిన కుర్రకారు నోట ‘వేర్‌హౌస్ సంగీతం’ అన్న మాట అరిగి అరిగి, ఆ నాట్య సంగీతానికి ‘హౌస్’ అన్న పేరుగా మిగిలిందని షికాగోలో చెబుతారు.

నేను ఈ దేశానికి 1996లో చదువు కోసం వచ్చాను, కాబట్టి ఆ క్లబ్బును నేను చూడలేదు. అయినా దాని మీద నాకు బెంగ ఉంది. దాన్ని నాకు అందించినవాడు ల్యాబులో నా పక్క బల్ల మీద పనిచేసిన సహచరుడు. అతడు షికాగో దక్షిణ భాగంలో పుట్టి పెరిగినవాడు. అతడి పెద్దన్న వేర్‌హౌస్‌కు వెళ్లేవాడట. తమ్ముడికి అన్న చెప్పిన కథలను, తమ్ముడు నాకు రాత్రి పూట ల్యాబులో లెక్కలు నడుస్తున్నప్పుడు చెప్పేవాడు. వాటిలో ఒకటి మాత్రం నేను మరిచిపోలేదు. నాట్యం మంచి వేగంలో ఉన్నప్పుడు ఫ్రాంకీ గదిలోని దీపాలన్నీ ఆర్పించి, దూసుకువస్తున్న ఎక్స్‌ప్రెస్ రైలు చప్పుడున్న రికార్డు పెట్టేవాడు. ఆ చప్పుడు గదికి ఒక వైపు నుంచి మరో వైపుకు, చీకట్లో నిలబడినవారి ఒంటి మీదుగా వెళ్లిపోయేది. ఇరవై ఏళ్లకు పైగా రోజూ రైలు దిగుతున్నాను గాని, ప్లాట్‌ఫారం అదిరినప్పుడల్లా నాకు తోచేది ఆ చీకటి గదే.

1997 చలికాలంలో ఆ సహచరుడే నన్ను స్మార్ట్‌బార్‌కు తీసుకువెళ్లాడు. 1982లో మొదలైన నాట్య క్లబ్బు అది; క్లార్క్ వీధిలో, మెట్రో అనే సంగీతశాల కింద, నేలమాళిగలో ఉంటుంది. బయట మంచు కురుస్తోంది. మెట్లు దిగుతుండగా పాట చెవికి అందకముందే దాని దెబ్బ అరికాళ్లకు తెలిసింది. లోపల వెలుతురు దాదాపు లేదు. డీజే ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది, ఎందుకంటే ఎవరూ అతడి వైపు చూడటం లేదు. తమ పక్కవాడి వైపో, నేల వైపో, తమ లోపలికో చూసుకుంటున్నారు. ఆడటం రాని నేను గోడకు ఆనుకుని గంటసేపు నిలబడ్డాను. ఆ గంటలో ఒక్క పాట కూడా ముగిసినట్టు నాకు తెలియలేదు. పాట మారిందని తెలిసేది, కాని ఎక్కడ మారిందో తెలిసేది కాదు. ఆ సంగతి మనసుకు పట్టిన క్షణంలో నాకు మా ఊరి రామాలయం కళ్లకు కట్టింది.

మా ఊరు తెనాలికి దగ్గర. నా చిన్నతనంలో రామాలయంలో ఏటా ఏకాహం జరిగేది. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా నామం తెగకూడదన్నది నియమం. మా ఊరి మేళం రెండు గంటలు భజన చేశాక పొరుగూరి మేళం లోపలికి వచ్చేది. వచ్చినవారు వెంటనే గొంతెత్తేవారు కారు. ముందు తాళాలు అందుకుని, అప్పటికే కూర్చున్నవారి లయలో కలిసేవారు. కాసేపు రెండు మేళాలూ ఒకే నామాన్ని పలికేవి. ఆ తరువాత మావాళ్లు ఒక్కొక్కరుగా తాళాలు కింద పెట్టి, చప్పుడు కాకుండా లేచి, అరుగు మీదికి వచ్చి కాఫీ తాగేవారు. మద్దెల వాయించే మా తాతయ్య అందరికంటే ఆఖరున లేచేవారు. కొత్త మద్దెల నిలదొక్కుకునేదాకా పాత మద్దెల చెయ్యి తీయకూడదని ఆయన అనేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, నిద్రకు తూలుతూ వాయిద్యం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కనిపెట్టాలని చూసేవాడిని, ఒక్కసారీ కనిపెట్టలేకపోయాను.

దైవనామం వేరు, శనివారం రాత్రి నాట్యం వేరు అని నాకు తెలియకపోలేదు. అయినా దైవకృపకు దూరమైనవారికి వేర్‌హౌస్ ఒక చర్చి అని ఫ్రాంకీ స్వయంగా చెప్పుకున్నాడు కనుక, ఈ పోలిక చెప్పడానికి నేను సంకోచించను.

తరువాతి ఏడు నేను కొంతకాలం పొదుపు చేసి, రికార్డులు తిప్పే పాత టెక్నిక్స్ టర్న్‌టేబుళ్లు రెండు కొన్నాను. ఒక పాటను మరో పాటలో కలిపే పని నేర్చుకోబోయినప్పుడే తాతయ్య మాటలోని బరువు నాకు తెలిసింది. హౌస్ రికార్డులో మొదట నిమిషం పైగా, చివర నిమిషం పైగా ఉట్టి తాళమే ఉంటుంది. విడిగా వింటే అవి వెలితిగా తోస్తాయి. ముగుస్తున్న పాట చివరి భాగం మీద రాబోయే పాట మొదటి భాగం పరుచుకోవడానికే వాటిని అలా వదిలిపెట్టారు. ఒక చెవిలో హెడ్‌ఫోను, మరో చెవిలో గది; ఒక చెయ్యి రికార్డు అంచు మీద, మరొకటి వేగాన్ని సరిచేసే మీట మీద. నిమిషానికి ఇంచుమించు 120 దెబ్బలు, నాలుగేసి అక్షరాల ఆవృత్తం, తేడా లేని చతురశ్ర నడక. రెండు తాళాల మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా గుర్రపు డెక్కల చప్పుడు మొదలవుతుంది. రెండూ కుదిరాక కొత్త పాట మంద్రాన్ని పెంచుతూ పాతదాని మంద్రాన్ని తగ్గించాలి. తొందరపడితే గదిలో ఉన్న ప్రతి కాలికీ తెలిసిపోతుంది. నిపుణులు ఈ సంధికాలాన్ని నిమిషాల తరబడి నిలబెట్టగలరు. ఆ కాసేపు వినిపించేది మొదటి పాటా కాదు, రెండో పాటా కాదు. ఆ రాత్రికి, ఆ గదికి మాత్రమే దక్కే మూడో పాట.

ఆ సంగీతం ఎంత తక్కువ వనరులతో పుట్టిందో తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం తగ్గదు. 1979 జూలై 12న ఇదే షికాగోలో, కామిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల నడుమ ఒక పెట్టెనిండా డిస్కో రికార్డులను పేల్చివేశారు. జనం మైదానం మీద పడటంతో రెండో ఆట జరగనే లేదు. ఆ రికార్డుల్లో ఎక్కువగా వినిపించేది నల్లజాతివారి గొంతులేనని తెలిసినవారికి, ఆ పేలుడు ఎవరి మీదో కూడా తెలుసు. డిస్కో పని అయిపోయిందని ఊరంతా అనుకుంటున్నప్పుడు వేర్‌హౌస్‌లో మాత్రం ఆ పాటలు ఆగలేదు. కొత్త రికార్డులు తగ్గిపోతే ఫ్రాంకీ పాతవాటినే టేపు మీదికి ఎక్కించి, కత్తిరించి, అతికించి, నాట్యానికి పనికివచ్చే భాగాలను పొడిగించేవాడు. ఆ తరువాత తాళం వేసే డ్రమ్ మెషీన్ చేతికి వచ్చింది. రోలాండ్ కంపెనీ తయారుచేసిన 909 అనే యంత్రాన్ని డెట్రాయిట్ నుంచి డెరిక్ మే తెచ్చి ఆయనకు అమ్మాడు. అదే కంపెనీ వారి 303 అనే మరో యంత్రం, గిటారు వాయించేవారి పక్కన మంద్ర వాయిద్యంగా ఉంటుందని చేసినది; అలా ఎవరికీ నచ్చక పాత సామాను దుకాణాల పాలయింది. దాని మీటలను మెలితిప్పి ముగ్గురు షికాగో యువకులు పుట్టించిన వింత ధ్వనిని, మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో రాన్ హార్డీ ఒకే రాత్రి నాలుగుసార్లు వాయించాడట. మొదటిసారి జనం నేల ఖాళీ చేసి వెళ్లిపోతే, నాలుగోసారికి ఒళ్లు మరిచి ఆడారట. హౌస్‌లో యాసిడ్ హౌస్ అనే శాఖ అలా పుట్టింది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. అంతకు కొన్నేళ్ల ముందే, 1982లో, హిందీ సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ బొంబాయిలో అదే 303ను వాడుతూ పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. వాటిలో భూపాలీ ఉంది, అంటే మన మోహన; మాల్‌కౌఁస్ ఉంది, అంటే మన హిందోళం. 2010లో మళ్లీ విడుదలయ్యే వరకు దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన బతికి ఉండగానే ఆ గుర్తింపు రావడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

డెట్రాయిట్ ముచ్చటను ఈ రాత్రి వివరంగా రాసే ఓపిక లేదు. 2000 మే నెలాఖరున డెట్రాయిట్ దగ్గర కాంటన్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటికి వెళ్లి, నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో జరిగిన మొదటి ఎలక్ట్రానిక్ సంగీత ఉత్సవాన్ని చూశాను. ప్రవేశం ఉచితం. పక్కనున్న బెల్‌విల్‌లో ఒకే బడిలో చదువుకున్న వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు టెక్నో అనే యంత్ర సంగీతానికి ప్రాణం పోసిన డెట్రాయిట్, ఆ సంగీతం ఐరోపా అంతటా పాకిన చాలా ఏళ్లకు దాన్ని తన నడిబొడ్డున కూర్చోబెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. మోటారు కంపెనీలో ఇంజనీరైన మా అన్నయ్య కాసేపు విని, ఇది మా అసెంబ్లీ లైను చప్పుడులా ఉందిరా అన్నాడు. అతడు మెచ్చుకుంటూనే అన్నాడని నా నమ్మకం.

పోయినదేమిటో చెప్పాలంటే, నేను మొదట చీకటి పేరు చెబుతాను. రెండు నెలల కింద సహోద్యోగులతో ఊళ్లోని ఒక కొత్త క్లబ్బుకు వెళ్లాను. డీజే ఎత్తయిన వేదిక మీద, వెనక పెద్ద తెరతో, పెళ్లిపీటల మీద వరుడిలా నిలబడ్డాడు. జనమంతా అతడి వైపే తిరిగి ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. గంటన్నరకు ఒక డీజే దిగి మరొకరు ఎక్కారు, ఎక్కినవారు ముందున్న పాటను కత్తిరించినట్టు ఆపి తమ పాటను మొదలుపెట్టారు. చక్కటి పాటలే, ఖరీదైన స్పీకర్లే; అయినా నాకు దుఃఖం కలిగింది. ఒక్కరే తెల్లవార్లూ వాయించే రోజుల్లో రాత్రికి ఒక నడక ఉండేది. పన్నెండింటికి వినలేని పాటను నాలుగింటికి వినగలిగేవాళ్లం, ఎందుకంటే అక్కడి దాకా మమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపించేవారు. ఎవరూ ఫోటో తీయరన్న ధైర్యంతో, పగలు ఏ ఆఫీసులోనూ నవ్వని మనుషులు కూడా కళ్లు మూసుకుని చేతులు చాచి ఆడేవారు. ఆ ధైర్యం వేర్‌హౌస్‌కు వచ్చేవారికి ఇంకెంత అవసరమై ఉండేదో ఇవాళ ఆ గోడల ముందు నిలబడినప్పుడు చాలాసేపు ఆలోచించాను.

ఫ్రాంకీని నేను స్మార్ట్‌బార్‌లో ఒకే ఒక్కసారి విన్నాను. 2008లో ఆయన పాదాన్ని తీసివేశారు. నేను విన్నది ఆ తరువాత. కూర్చునే వాయించాడు, ముఖంలో ఆయాసం లేదు. 2014 మార్చి 31న, 59 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2004 ఆగస్టులోనే జెఫర్సన్ వీధిలోని ఆ ముక్కకు ఆయన పేరు పెట్టారు, 2023 జూన్‌లో ఆ భవనాన్ని నగర చారిత్రక కట్టడంగా ప్రకటించారు. గోడలు నిలుస్తాయన్నది సంతోషించవలసిన విషయమే.

నాకు మరింత ధైర్యం ఇచ్చేది జూలైలో జాక్సన్ పార్కులో చోజెన్ ఫ్యూ అనే డీజేల బృందం జరిపే హౌస్ సంగీత వేడుక. 1990లో ఒక కుటుంబ వనభోజనంగా మొదలై ఇప్పుడు వేలమంది వచ్చే తిరునాళ్లయింది. తెల్లవారకముందే వచ్చి గుడారాలు వేసుకుంటారు, బొగ్గుల మీద మాంసం కాలుస్తారు, మొదటి తరం అమ్మమ్మలు మనవరాళ్లకు అడుగులు నేర్పుతారు. మొన్నటి వేసవిలో నా భార్య పులిహోర కలిపి తెచ్చింది. పక్క గుడారంలోని పెద్దావిడ రెండోసారి అడిగి వేయించుకుని, తాను పద్దెనిమిదేళ్లప్పుడు వేర్‌హౌస్ మెట్లు ఎక్కానని మాటల మధ్యలో మామూలుగా చెప్పింది. నేను ఆమెను ఇంకేమీ అడగలేకపోయాను.

సాయంత్రం ఇంటికి వచ్చి, భోజనానికి ముందు నేలమాళిగలోకి దిగి, టర్న్‌టేబుళ్ల మీద కప్పిన గుడ్డ తీశాను. చాలా నెలలైంది. షికాగో రికార్డు ఒకటి, డెట్రాయిట్ రికార్డు ఒకటి పెట్టాను. మొదటి రెండుసార్లు గుర్రాలు పరుగెత్తాయి. మూడోసారి, మీటను గోటితో జరిపినట్టుగా జరిపాక, రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగి నిలిచాయి. చెయ్యి తీసేసి విన్నాను. నిమిషంన్నర గడిచి ఉంటుంది, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. భోజనానికి పిలుస్తుందేమోనని పాట ఆపబోయాను.

“ఆపకండి, అన్నం ఇంకా ఉడకలేదు” అని నా భార్య మూడో మెట్టు మీద కూర్చుంది.