అన్న అడిగిన ప్రశ్న

2019లో టొరంటోలో దిగేనాటికి నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీయే. ఇక్కడ ఉత్త హాకీ అంటే మంచు మీద ఆడేదని, మేపుల్ లీఫ్స్ అనే టీమ్ 1967 తర్వాత ఒక్క కప్పూ కొట్టలేదని, అయినా ఊరు ఊరంతా దాన్ని నెత్తిన పెట్టుకుంటుందని టొరంటో పక్కనున్న మిసిసాగాలో నేను పనిచేసిన వేర్‌హౌస్ లంచ్ రూమ్‌లోనే తెలిసింది. నైట్ షిఫ్ట్, తెల్లవారుజామున మూడింటికి అరగంట బ్రేక్. మైక్రోవేవ్ దగ్గర మా పప్పన్నం వాసన, అవతలి మూల టీవీలో హైలైట్స్, దాని కింద ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు టిమ్ హార్టన్స్ కాఫీ కప్పులు పట్టుకుని కోచ్‌ని తిట్టిపోస్తుండేవాళ్లు.

ఆ కోచ్ మైక్ బాబ్‌కాక్. మామూలు మనిషి కాదు, 2008లో డెట్రాయిట్ టీమ్‌కి లీగ్‌లో అన్నిటికన్నా పెద్దదైన స్టాన్లీ కప్, 2010లోనూ 2014లోనూ కెనడాకి ఒలింపిక్ స్వర్ణం. 2015లో ఎనిమిదేళ్లకి 5 కోట్ల డాలర్లు ఒప్పుకుని మరీ తెచ్చుకున్నారు. తీరా చూస్తే ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్ దాటింది లేదు, 2018లో, 2019లో వరసగా బోస్టన్ చేతిలో, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో చివరిదైన ఏడో మ్యాచ్‌లో పోయింది. కానీ లంచ్ రూమ్‌లో అసలు మంట ఓటమి గురించి కాదు. ఆ అక్టోబర్‌లో సొంతగడ్డ మీద తొలి మ్యాచ్ ఒట్టావాతో. జేసన్ స్పెజ్జా ఇక్కడివాడే, ఒట్టావాకి ఏళ్ల తరబడి ఆడి, చివరి రోజుల్లో సొంతూరి టీమ్‌కి తక్కువ డబ్బుకే వచ్చాడు. సరిగ్గా ఆ రోజే బాబ్‌కాక్ అతన్ని ఆడించకుండా పక్కన కూర్చోబెట్టాడు. "ఒక్క పూట ఆడిస్తే నీ సొమ్మేం పోయింది" అని అందరూ రెచ్చిపోతుంటే ఒక్క పెద్దాయన మాత్రం, ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్నవాడు, కోచ్ వైపు మాట్లాడేవాడు. మనసులో నేనూ ఆయన పార్టీయే.

నవంబర్ 20న బాబ్‌కాక్‌ని తీసేశారు. కొద్ది రోజులకే లిస్టు సంగతి బయటపడింది. మూడేళ్ల కిందటి మాట, మిచ్ మార్నర్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు, టీమ్‌లో మొదటి సీజన్, వాడితో తోటి ఆటగాళ్ల పేర్లు ఎవరు బాగా కష్టపడతారో, ఎవరు తక్కువో వరసగా రాయించాడట. ఆ తర్వాత అడుగున ఉన్నవాళ్లకి ఆ సంగతి బాబ్‌కాకే చెప్పాడట. క్షమాపణ అడిగానన్నాడు కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

నిజం చెప్పాలంటే నాకు 'ఇందులో ఏముంది' అనిపించింది. విజయవాడలో ఇంటర్ చదివినవాణ్ణి. ప్రతి వారం ర్యాంకులు గోడకి అంటించేవాళ్లు, మార్కులు తగ్గితే సెక్షన్ మారిపోయేది, చివరి పేర్లు స్టడీ అవర్‌లో గట్టిగా చదివేవాళ్లు. అదే మాట పెద్దాయనతో అంటే కప్పు కింద పెట్టాడు. "మీ ర్యాంకులు ఎవరు వేశారు? మాస్టారే కదా. వీడితో పక్కన కూర్చునేవాళ్ల మీద రాయించాడు, పైగా నమ్మించి" అన్నాడు. ఇన్నాళ్లూ కోచ్‌ని వెనకేసుకొచ్చిన మనిషి.

నా కడుపులో తిప్పినట్టయింది. ఎందుకంటే సెప్టెంబర్‌లో మా సూపర్‌వైజర్ డాక్ తలుపు దగ్గర నన్ను ఆపి, భుజం మీద చెయ్యేసి, "నువ్వు కొత్తవాడివి, నిజం చెప్తావు, మీ లైన్‌లో ఎవరు పని ఈడుస్తున్నారు?" అని అడిగాడు. ఈ దేశంలో నా అభిప్రాయం ఒకడు అడగడం అదే మొదటిసారి. ఆ మురిపెంలో ఒక పేరు చెప్పేశాను. కరీంనగర్ అన్న, మోకాలు నొప్పి మనిషి, బస్సు తప్పిపోతే నన్ను కారులో దింపేవాడు. రెండు వారాల్లో అన్నకి నలభై గంటలు కాస్తా ఇరవై నాలుగయ్యాయి. నా మాట వల్లో కాదో ఇప్పటికీ తెలీదు. ఎవడు గంటకి ఎన్ని పెట్టెలు తీశాడో స్కానర్‌లో ఉంటుంది, నన్నడగాల్సిన పనే లేదు. కోచ్ దగ్గర కూడా వీడియోలన్నీ ఉంటాయి కదా, ఆ కుర్రాణ్ణి అడగడమెందుకు?

లిస్టు సంగతి బయటపడిన వారమే ఇంకొకటి. నైజీరియాలో పుట్టి, ఉక్రెయిన్‌లో పెరిగి, టొరంటో చేరిన అకీమ్ అలియు అనే ఆటగాడు, పదేళ్ల కిందట కోచ్ బిల్ పీటర్స్ తనని జాతి పేరుతో తిట్టాడని చెప్పాడు. ఎదురు చెప్పినందుకు కింది లీగ్‌కి పంపించారట. నవంబర్ 29న పీటర్స్ కాల్గరీ టీమ్ కోచ్ పదవికి రాజీనామా చేశాడు. "పదేళ్లు ఎందుకు నోరు మూసుకున్నాడు?" అని టీవీ కింద ఒకడన్నాడు. మైక్రోవేవ్ దగ్గర మాలో ఎవరికీ ఆ డౌట్ రాలేదు, మేమంతా పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు, కోసం ఎదురుచూస్తున్నవాళ్లం.

2023లో కొలంబస్ టీమ్ బాబ్‌కాక్‌ని మళ్లీ తీసుకుంది. ఆటగాళ్ల ఫోన్లలో ఫొటోలు చూపించమన్నాడని గొడవై, ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే సెప్టెంబర్‌లో దిగిపోయాడు. ఆ వార్త వంకతో అన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడు ట్రక్కు నడుపుతున్నాడు. విని నవ్వాడు.

"మన సూపర్‌వైజర్ గూడ అట్లనే ఉండె కద తమ్మీ. నీ గురించి నన్నడిగిండు ఒకపారి."

"ఏం చెప్పావన్నా?"

"ఏం జెప్త? కొత్త పోరడు, నేర్చుకుంటడు సారూ అన్న. నిన్నెప్పుడన్న అడిగిండా?"

సిగ్నల్ సరిగ్గా లేదన్నా, మళ్లీ చేస్తాను అన్నాను.