గట్టు మీద 11, గుట్ట మీద 11

పోయిన వానాకాలం పీవీసీ పైపులతో మీటరు చదరం ఒకటి చేసి మా పొలం గట్టు మీద పడేశా. లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టాలి. నాకేమో గరిక, వయ్యారిభామ తప్ప పేర్లు రావు. నాయనమ్మ గట్టు మీదే కూర్చుని "గిది తుమ్మి, గిది ఉత్తరేణి, అగో గది గలిజేరు, కూర వండుత గదరా" అంటూ 11 రకాలు తేల్చింది.

ఊరవతల గుట్ట మీద వేస్తే అక్కడా 11. రెండూ సమానమే అని రాసేసుకున్నా. రాత్రి జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండింట్లో ఉన్నవి మూడే! మొత్తం 19.

జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ 1960లో ఆల్ఫా, బీటా, గామా అని విడదీసింది దీన్నే. ఒక్క చదరంలోని రకాల లెక్క ఆల్ఫా, అన్నీ కలిపితే గామా. గామాని సగటు ఆల్ఫాతో భాగిస్తే బీటా, అంటే చోటుకీ చోటుకీ ఉన్న తేడా. నాకు దాదాపు 1.73 వచ్చింది. రెండు చోట్లా అవే మొక్కలైతే 1, ఒక్కటీ కలవకపోతే 2.

ఆ మూడింట్లో ఒకటి వయ్యారిభామ. (దాన్ని పీకి పీకి నా చేతులు దద్దుర్లు.) అది లేకపోతే 18ని 10తో భాగించాలి, అంటే 1.8. ఆ పిచ్చిమొక్క వచ్చి రెండు చోట్లా లెక్క పెంచింది, తేడాని మాత్రం తగ్గించింది.

గుట్ట మీది ఒకదాని పేరు నాయనమ్మకీ తెలియలేదు. నోటుబుక్కులో ఇప్పటికీ "తెల్లపూల బుల్లిది" అనే ఉంది.