కేబీఆర్ పార్కులో ఆరుద్ర పురుగు

ఊరి నుంచి వచ్చిన అమ్మకి నెమళ్లు చూపిద్దామని ఆదివారం పొద్దున్నే కేబీఆర్ పార్కుకి తీసుకెళ్లాను. ముందు రాత్రి బాగా వాన పడింది. ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు రోజులే అయింది.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య సుమారు 390 ఎకరాల అడవి ఇది. ఏడో నిజాం మనవడు ముకర్రం జా ఒకప్పుడు ఉన్న చిరాన్ ప్యాలెస్ కూడా లోపలే ఉంది. 1998లో జాతీయ పార్కు చేశారు. మనవాళ్లు మాత్రం వాకింగ్ ట్రాక్ అనే అంటారు.

బండరాళ్ల వెనక నుంచి నెమలి కేక వినిపించింది. కాసేపటికి పొడవాటి పింఛం ఈడ్చుకుంటూ ఒక మగ నెమలి దారికి అడ్డంగా నడిచి పోయింది. జోడు కట్టే కాలం కాబట్టి ఇప్పుడు పింఛం నిండుగా ఉంటుంది, వానాకాలం చివరికి ఈకలు రాలిపోతాయి. నేను ఫోన్ తీసేలోపే పొదల్లో దూరింది.

"అగో, ఆగురా! తొక్కకు" అని అమ్మ నా మోచేయి పట్టి లాగింది.

కాలి ముందు, తడి ఎర్రమట్టి మీద, కుంకుమ రంగు మఖ్మల్ గుండీ ఒకటి కదులుతోంది. ఆరుద్ర పురుగు! ఇరవై ఏళ్లయిందేమో చూసి. పక్కన రేగుచెట్టు కింద ఇంకో రెండు. అమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి గొంతుక్కూర్చుంది. వేలితో మెల్లగా తాకితే కాళ్లన్నీ ముడుచుకుని ఎర్రటి పూసలా అయిపోయింది. కాసేపాగి ఒక్కో కాలే బయటికి తీసింది. ఎనిమిది. పేరుకి పురుగే గానీ, ఇది సాలీడు చుట్టం. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడిపి, తొలి వానలకి పైకొచ్చి, రెక్కలొచ్చిన ఉసిళ్లను తిని, జతకట్టి, గుడ్లు పెట్టి మళ్లీ నేలలోకి పోతుంది.

చిన్నప్పుడు వీటిని అగ్గిపెట్టెలో గడ్డి వేసి బడికి తీసుకెళ్లేవాళ్లం. పాపం, సాయంత్రానికి ఎన్ని బతికేవో.

చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో ఒకాయన పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. అమ్మ లేచి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. ఆయన కంగారుగా ఆగి, కిందికి చూసి, నవ్వి, పక్క నుంచి వెళ్లాడు.

తిరిగొస్తుంటే కారులో అమ్మ మామయ్యకి ఫోన్ చేసింది. నెమలి ఊసే ఎత్తలేదు.

"తమ్మీ, ఈడ ఆరుద్ర పురుగులు కనవడ్డయి. మన దిక్కు పత్తి గింజలు పెట్టిండ్రా?"