కట్ట మీద ఒక రాత్రి

మొన్న ఊరెళ్లి చెరువు కట్ట మీద నడుస్తుంటే 2024 ఆగస్టు 31 రాత్రి గుర్తొచ్చింది. మాది మహబూబాబాద్ వైపు. ఆ వానకే తెల్లారేసరికి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయాయి.

మత్తడి దూకుతున్నా చెరువులో నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. నేను కట్ట అంచుకు ఇంకెంత దూరమో చూస్తూ నిలబడ్డాను. పెద్దబాపు మాత్రం బ్యాటరీ లైటు పట్టుకుని వెనకవైపు దిగాడు. "మీద చూస్తే ఏమొస్తదిరా, కింద చూడు" అన్నాడు.

కట్ట అడుగున ఒకచోట నీళ్లు ఊరుతున్నాయి. దోసిట్లో పట్టి లైటు వేసి చూశాడు. తేటగా ఉంటే అంత భయం లేదట. బురదగా వస్తే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. ఎలుక బొక్కంత దారి చాలు, గండి పడటానికి. ఆయన బడి ముఖం పెద్దగా చూడలేదు. నేనేమో సివిల్ ఇంజనీర్‌ని! పరీక్షలో 'పైపింగ్' అని రాసి మార్కులు తెచ్చుకున్నది దీని గురించేనని అప్పుడు వెలిగింది.

ఇంకోచోట మసక నీళ్లు కనిపించాయి. ఊటను మూసేస్తే పక్కన పొడుచుకొస్తుందని చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాలు పేర్చాం. లోపల నీళ్లు నిలిచేకొద్దీ ఊట జోరు తగ్గింది. అయినా తెల్లారేదాకా టెన్షనే.

ఇప్పుడు అదే చోట తుమ్మచెట్లు మొలిచాయి. వేళ్లు కుళ్లితే నీళ్లకు దారే కదా. పెద్దబాపుకు చూపించాను.

"గొడ్డలి ఇంట్లనే ఉంది, తెచ్చుకో" అన్నాడు.