కొత్తపల్లి ఐజాక్

ఇంగ్లండ్‌లో మేముండే వైపు, లీడ్స్ నుంచి స్కిప్టన్ వెళ్లే రైలెక్కితే మా పిల్లలకి ఫోన్ అక్కర్లేదు, స్టేషన్ బోర్డులే కాలక్షేపం. దారిలో షిప్లీ వస్తుంది, చివర్లో స్కిప్టన్. రెండు పేర్లలోనూ ఉన్నది గొర్రెలే, అంటే 'షీప్'. 'లీ' అంటే అడవి కొట్టి బాగుచేసుకున్న జాగా. 'టన్' అంటే మొదట్లో కంచె కట్టుకున్న కమతం, తర్వాత్తర్వాత ఊరు. మరి ఒకే మాట ఒకచోట 'షిప్', ఇంకోచోట 'స్కిప్' ఎలా అయింది? 9వ శతాబ్దంలో డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, ఓడలేసుకొచ్చి ఈ ఊళ్లున్న యార్క్‌షైర్‌లో పొలాలు పట్టారు, వాళ్ల వెనకే నార్వే వాళ్లూ దిగారు. స్థానికులు 'ష' అనే చోట వీళ్లకి 'స్క' పలికేది.

"అంటే వాళ్లూ నీలాగే తప్పు పలికేవాళ్లా నాన్నా?" అంది మా అమ్మాయి. నేను 'వెస్ట్' అన్నప్పుడల్లా అది పడమరో, బనియనో తేల్చమని నన్ను ఆటపట్టించడం దాని దినచర్య.

"తప్పు కాదమ్మా, యాస. చూడు, వెయ్యేళ్లయినా బోర్డు మీద నుంచి చెరపలేదు" అన్నాను. ఆ రోజుకి గెలుపు నాదే.

విట్బీ, సెల్బీ, వెదర్బీల చివరనున్న 'బీ' కూడా డేన్లదే, ఊరని అర్థం. వెదర్బీ అంటే పొట్టేళ్ల ఊరు. (ఈ యార్క్‌షైర్ వాళ్లకి గొర్రెల ధ్యాస తప్ప ఇంకోటి లేదేమో!)

మావాడికి నచ్చింది మాత్రం న్యూటన్. ఆ పేరుతో ఇంగ్లండ్ నిండా ఊళ్లున్నాయి. కొత్త ఊరు, అంటే మన కొత్తపల్లి. మనకి లాగే ఇక్కడా ఊరిపేర్లు ఇంటిపేర్లయ్యాయి కాబట్టి సైన్సు పుస్తకంలోని పెద్దాయన మా ఇంట్లో 'కొత్తపల్లి ఐజాక్' అయిపోయాడు. ఆయన పుట్టింది లింకన్‌షైర్‌లోని వూల్స్‌తోర్ప్‌లో. 'తోర్ప్' మళ్లీ డేన్ల మాటే, పెద్ద ఊరికి శివారు పల్లె.

'మన సంస్కృతి' అని మొదలుపెడితే ఆవలించే పిల్లలు ఊరిపేర్లంటే చెవులు రిక్కిస్తారు. మాది శ్రీకాకుళం వైపు. ఆమదాలవలస లాగా 'వలస'తో ముగిసే ఊళ్లు అక్కడ బోలెడు. వలస అంటే ఏంటో చెప్పగానే అమ్మాయి వీడియో కాల్‌లో వాళ్ల తాతని నిలదీసింది: "మనవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు తాతా?"

"మేమెక్కడి నుంచీ రాలేదమ్మా, మొదట్నుంచీ ఇక్కడోళ్లమే" అన్నారు మా నాన్న.

అది ఒప్పుకోలేదు. "డేన్లు కూడా ఇప్పుడు అలాగే అంటారు తాతా" అంది.


మా నాన్న ఇప్పుడు ఊళ్లో పెద్దవాళ్లని ఆరా తీస్తున్నారట.