మోగుతున్నా వినిపించని గంట

పొద్దుటి రైలు టిక్కెట్ ధర చూశాక ఆక్స్‌ఫర్డ్‌కు బస్సే దిక్కయింది. మార్బుల్ ఆర్చ్, నాటింగ్ హిల్ గేట్, షెపర్డ్స్ బుష్... లండన్ పొలిమేర దాటడానికే గంట పట్టింది. ఆ వేగానికి నడిచినా చేరేదాన్నేమో. కూతురి దగ్గర గడిపిన మూడు వారాల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. అందరూ చూసేవే నేనూ చూశాను. ఈ ఒక్క రోజు మాత్రం పట్టుబట్టి ఒంటరిగా బయలుదేరాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు నల్లబల్ల మీద బ్యాటరీ సెల్లు బొమ్మ గీసినదాన్ని కదా. ఇప్పటి ఫోను బ్యాటరీలకు దారితీసిన పదార్థాన్ని గుర్తించిన ల్యాబు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది, దాని గోడకు ఆ సంగతి చెప్పే పలక ఉంది. "ఎవరైనా కాలేజీలు చూడటానికి వెళ్తారు. గోడకు కొట్టిన పలక చూడటానికి అంత దూరం వెళ్తావా అమ్మా?" అంది మా అమ్మాయి.

పక్క సీటు కుర్రాడు కూర్చుంటూనే ఫోనుకు ఛార్జర్ తగిలించాడు. నేను అమ్మాయితో ఫోనులో మాట్లాడుతుంటే విని, "తెలుగువారా ఆంటీ?" అన్నాడు. బ్యాటరీల మీద పరిశోధన చేస్తున్నాడట. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యానని తెలియగానే ఆంటీ కాస్తా మేడమ్ అయిపోయింది. ఆ తర్వాత ట్రాఫిక్ సంగతి నాకు గుర్తు లేదు.

"మా ప్రాజెక్టు ఖర్చులో కొంత ఒక కంపెనీ పెడుతుంది మేడమ్. అందుకని ఏ ఫలితం వచ్చినా పేపరు పంపే ముందు వాళ్లకు చూపించాలి. పేటెంటు దరఖాస్తు పడేదాకా నోరు విప్పకూడదు." బ్రిటన్‌లో ముందు పేపరు అచ్చయిపోతే ఆ విషయం మీద ఇక పేటెంటు రాదు. నెలల తరబడి ఫలితాన్ని సొరుగులో పెట్టుకుని కూర్చుంటే కోపం రాదా అని అడిగాను. "వస్తుంది. కానీ నేను ల్యాబులో చేసే సెల్లు చొక్కా గుండీ అంత. కారులో పెట్టేంత పెద్దది చేసే యంత్రాలు మాకు లేవు. గుండీలో చక్కగా పనిచేసిన పదార్థం పెద్ద సెల్లులో కొన్నాళ్లకే చచ్చిపోతుంది. ఎందుకు చచ్చిందో చెప్పగలిగేది రోజూ వేల సెల్లులు చేసేవాళ్లే" అన్నాడు. నేను చూడబోతున్న పలక గురించి చెబితే తల గోక్కున్నాడు. రోజూ ఆ గోడ పక్క నుంచే సైకిల్ మీద వెళ్తాడట, ఒక్కసారీ ఆగి చదవలేదట.

హై స్ట్రీట్‌లో దిగేసరికి సన్నటి వాన. సౌత్ పార్క్స్ రోడ్డులో ఇనార్గానిక్ కెమిస్ట్రీ ల్యాబొరేటరీ గోడకు నీలం పలక. 2010లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ పెట్టింది. 1980లో జాన్ గుడెనఫ్, కోయిచి మిజుషిమా, ఫిలిప్ జోన్స్, ఫిలిప్ వైజ్‌మన్ రీఛార్జి అయ్యే లిథియం బ్యాటరీకి దారితీసిన పదార్థాన్ని గుర్తించింది ఇక్కడే. ఆ పదార్థం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉంటుంది. లిథియం అయాన్లు ఆ పొరల మధ్యకు దూరుతాయి, బయటికి వస్తాయి. దాంతో ఒక్క సెల్లు నాలుగు వోల్టుల దాకా ఇవ్వగలిగింది. ఇంట్లో రేడియో సెల్లులు నీరసిస్తే మా నాన్న వాటిని ఎండలో పెట్టేవారు, మరో రెండు రోజులు వార్తలు వినొచ్చని. అవి ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు.

పలకలో లేనిది నాకు ముందే తెలుసు. అయినా అక్కడ తడుస్తూ నిలబడితే మళ్లీ ఒళ్లు మండింది. దీని పేటెంటు ఖర్చు భరించడానికి ఆక్స్‌ఫర్డ్ ఒప్పుకోలేదు. దగ్గరలోని హార్వెల్ ప్రభుత్వ అణు పరిశోధన సంస్థ ఆ పని చేసింది, ఆవిష్కర్తలు హక్కులు వదులుకున్నాక. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీలను మార్కెట్లోకి తెచ్చింది. గుడెనఫ్‌కు ఆ పేటెంటు మీద పైసా రాలేదు. 2019లో, 97 ఏళ్ల వయసులో, నోబెల్ వచ్చింది. ఆయనతో పంచుకున్న విటింగ్‌హామ్ తన పని ఎక్సాన్ చమురు కంపెనీలో చేశాడు, యోషినో జపాన్ కంపెనీ అసాహి కాసేలో. నేనేమో క్లాసులో "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. విశ్వవిద్యాలయాన్నీ మరీ తిట్టలేను. 1980లో జేబులో ఫోను ఎవరికి ఉంది? ఇప్పుడు బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాలనూ కంపెనీలనూ బ్యాటరీ పరిశోధనలో కలిపే ఫారడే ఇన్‌స్టిట్యూషన్‌ను 2017లో పెట్టారు. ఎక్కడనుకున్నారు? ఆ హార్వెల్‌లోనే.

పార్క్స్ రోడ్డులో కొద్ది నిమిషాలు నడిస్తే ఫిజిక్స్ వాళ్ల క్లారెండన్ ల్యాబొరేటరీ. హెన్రీ స్నెయిత్ పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సౌర ఘటాల మీద పనిచేసేది ఈ ఫిజిక్స్ విభాగంలోనే. మామూలు సౌర ఫలకాల్లో వాడే సిలికాన్ మీద ఆ పదార్థాన్ని పలుచని పొరగా వేసి, నీలి కాంతిని పై పొరకూ ఎర్ర కాంతిని కింది పొరకూ పంచే పద్ధతి అది. ఈసారి పరాయివాళ్లకు వదలకుండా 2010లో విశ్వవిద్యాలయం నుంచే ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ పుట్టింది. 2024లో దాని ఫలకాలు అమ్మకానికి వెళ్లాయి. ఫ్యాక్టరీ మాత్రం జర్మనీలో.

నేను లోపలికి వెళ్లింది దానికోసం కాదు. అక్కడ ఒక గంట ఉంది. రిసెప్షన్‌లో ఆవిడ అడగకముందే వేలితో చూపించింది. గాజు బుడ్డి కింద గంధకం పూత పూసిన రెండు నిలువు కడ్డీల్లాంటి బ్యాటరీలు, వాటి అడుగున ఒక్కొక్క ఇత్తడి గంట, మధ్యలో దారానికి కందిగింజంత లోహపు గుండు. అది ఒక గంటను తాకి దాని విద్యుదావేశం పుచ్చుకుంటుంది, ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక రెండోదాని వైపు పోతుంది, మళ్లీ వెనక్కి. 1840లో అమర్చినట్టు చీటీ ఉంది. అప్పటి నుంచి దాదాపు ఆగకుండా ఆడుతూనే ఉంది. చేసింది లండన్‌లోని వాట్కిన్ అండ్ హిల్ అనే పరికరాల దుకాణం. కొన్నది ఫిజిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ వాకర్. బ్యాటరీల లోపల సరిగ్గా ఏముందో ఎవరికీ తెలియదు. విప్పి చూస్తే గంట ఆగిపోతుంది.

గుండు ఊపు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట ఎనభై దగ్గర ఎవరో తలుపు తోసుకుని వచ్చారు, లెక్క తప్పింది. రెండు పొరల గాజు, అందుకే మోత బయటికి రాదు. అయినా ఎవరూ చూడటం లేదనుకుని గాజుకు చెవి ఆనించాను.

"వచ్చినవాళ్లందరూ అదే చేస్తారు" అంది రిసెప్షన్ ఆవిడ వెనక నుంచి.